పలకకు ముందు అభయము

మాఘ శుద్ధ పంచమినాడు కృష్ణాతీరమందలి దేవాలయములలో ఒక దృశ్యము ఏటేటను కానవచ్చును. తలంటి పోసి, నుదుట తిరుమణి శ్రీచూర్ణములు తీర్చి, క్రొత్తబట్టలు కట్టిన పసిబిడ్డను తండ్రి ఒడిలో కూర్చుండబెట్టుకొనును. ఎదుట పళ్ళెరములో బియ్యము పోసియుండును. పురోహితుడు చెప్పుచుండగా ఆ చిన్నివ్రేలిని తన చేతితో పట్టి తండ్రి బియ్యముపై ఓనమాలు దిద్దించును. తల్లి క్రొత్త పలక, బలపము చేతికిచ్చును. బిడ్డ చూపు మాత్రము అక్షరముపై నిలువదు. ప్రక్కనున్న పప్పుబెల్లముల పొట్లముపై నుండును. అది దోషము కాదు. ఆ వయసునకు అదియే ధర్మము.

మన పెద్దలు ఈ అక్షరాభ్యాసమునకు అయిదవయేటిని యోగ్యకాలముగా చెప్పిరి. వైష్ణవ గృహములందు ఆనాడు లక్ష్మీహయగ్రీవస్వామిని ఆరాధించుట కలదు. మధుకైటభులు వేదములను అపహరింపగా సాక్షాత్తు చతుర్ముఖుడే దిక్కుతోచక దుఃఖించెను. భగవానుడు హయముఖముతో అవతరించి, ఆ వేదములను మరల తెచ్చియిచ్చెను. చదువు పోగొట్టుకొని దుఃఖించినవాడు బ్రహ్మ! ఇక చదువు మొదలిడబోవుచు దుఃఖించు నాలుగైదేండ్ల పసివానిని చూచి మనము నవ్వుట తగునా?

శ్రీపంచమికిని, జూన్ మాసమున బడి తలుపులు తెరచు దినమునకును నడుమ నాలుగు మాసములకు పైబడిన కాలమున్నది. ఆ కాలములో బిడ్డకు మనమేమి చేయుచున్నాము? భగవద్బంధువుల ముందు ఈ ప్రశ్ననే ఉంచదలచితిని.

పలక కొందుము, సంచి కొందుము, చెప్పులు కొందుము. అది సులభమైన పని. వానితోపాటు తెలియకయే మరియొక వస్తువును సిద్ధము చేయుదుము. అది భయము. మచిలీపట్నపు వీధులలోనైనను, గుడివాడలోనైనను, దివిసీమ పల్లెలలోనైనను అన్నము తినని బిడ్డతో ఇంటివారు పలుకు పలుకు ఒక్కటే: “ఇట్లాగే మారాం చేస్తే బళ్ళో వేసేస్తాను. పంతులుగారు బెత్తం పుచ్చుకుని వాయిస్తారు.” నిద్రపోకున్నచో బూచివాడు వచ్చును. గుడిలో పరుగెత్తినచో కళ్ళు పోవును. బిడ్డకు విశ్రాంతి నిద్ర, విద్య బడి, దిక్కు గుడి. ఈ మూడింటిని మన నోటితోనే మూడు భయస్థానములుగా మార్చి, పిదప “మావాడు బడి అనగానే ఏడ్చుచున్నాడు, దిష్టి తగిలినదేమో” అని తాయెత్తులకు తిరుగుచున్నాము. 2009 నాటి విద్యాహక్కు చట్టము 2010 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చి, బడిలో పిల్లలను కొట్టుటను, మనసు నొప్పించుటను నిషేధించినది. గురువు చేతిలోని బెత్తమును చట్టము తీసివేసినది. దానిని తెచ్చి బిడ్డ చెవిలో నాటుచున్నది మనమే.

బడికి వెళ్ళిన బాలుడనగానే భాగవతులకు స్ఫురించువాడు ప్రహ్లాదుడు. ఆయన కథను మనము సాధారణముగా ఏనుగులు, పాములు, అగ్నిజ్వాలలు, ఉక్కుస్తంభము అనువానితో చెప్పుకొందుము. ఒక్కసారి ఆ కథను బడి కథగా చదివి చూడుడు. ఆ బడిలో అందరును భయపడుచున్నవారే. గురువులైన చండామార్కులు రాజునకు భయపడుదురు. బాలుడు హరినామమెత్తగానే అది మేము నేర్పినది కాదని వణకుదురు. ముల్లోకములను గెలిచిన తండ్రియు అయిదేండ్ల కొడుకు నోటనుండి ఏ మాట వచ్చునో యని భయపడుచున్నాడు. భయము లేనివాడు ఆ బాలుడొక్కడే. గురువులు తమ ఇంటిపనులపై వెళ్ళిన వేళ తోడి పిల్లలు ఆటకు పిలువగా, ఆయన వారిని చెంత కూర్చుండబెట్టుకొని, నవ్వుచు, స్నేహముతో హరికథ చెప్పెను. బెదరించి చెప్పలేదు.

ఆ నిర్భయత్వము ఎచ్చటనుండి వచ్చినది? తోటివారు అడుగగా ప్రహ్లాదుడే చెప్పెను. తాను గర్భమందుండగా ఇంద్రుడు తల్లిని చెరపట్టి తీసికొనిపోవుచుండెను. నారదమహర్షి అడ్డుపడి, ఆమెను విడిపించి, తన ఆశ్రమమునకు కొనివచ్చి, భర్త తపస్సు ముగిసి వచ్చువరకు ఇచ్చటనే యుండుమని ధైర్యము చెప్పెను. ఆమె అచ్చట ఏ వైపునుండియు భయము లేనిదై యుండెనని శుకయోగి పరీక్షిత్తునకు వినిపించిన కథ. మహర్షి ఉపదేశమును మనము గొప్పగా చెప్పుకొందుము. ఉపదేశమునకు ముందు ఆయన ఇచ్చిన అభయమును మరతుము. తల్లి భయము తీరినది. ఆ పిమ్మట బిడ్డ వినగలిగెను. కాలక్రమమున తల్లి ఆ జ్ఞానమును మరచినది గాని, కొడుకు మరువలేదు. బడికి పంపుటకు ముందు బిడ్డకు చేయవలసిన సన్నాహము ఏదియని నన్నడిగిన, ఈ ఘట్టమునే చూపుదును.

ఈ మాట నేను పుస్తకము చూచి తెలిసికొన్నది కాదు. నా పెద్దకుమారుని బడిలో చేర్చిన నాటి సంగతి చెప్పుట నాకు సిగ్గే అయినను, చెప్పవలసియున్నది. వాడు నా మెడను కరచుకొని వదలడయ్యెను. పదిమందిలో చిన్నతనమని తలచి, “ఇక్కడే కూర్చో నాన్నా, బిళ్ళలు కొనుక్కుని ఇప్పుడే వస్తాను” అని చెప్పి, వెనుకవైపుగా ఇంటికి పోతిని. ఎంత తెలివిగా పని చక్కబెట్టితినో యని ఇంటిలో చెప్పుకొంటిని కూడ. సాయంకాలమున పోయి చూడగా వాడు ఏడ్చుటలేదు. ఉదయమున కూర్చుండబెట్టిన చోటనే, పలక ఒడిలో పెట్టుకొని, వాకిలివైపు చూచుచుండెను. తరువాత నెలదినములు వాడు నా పంచెకొంగు విడువలేదు. నూతికడకు పోయినను వెంటవచ్చెను. ఒకనాడు గుడిలో హారతి వేళ, “స్వామి మనల్ని ఎప్పుడూ విడిచిపెట్టడు, దణ్ణం పెట్టుకో” అంటిని. వాడు నా ముఖము చూచి, “ఆయన కూడా బిళ్ళలు కొనడానికి వెళ్తాడా నాన్నా?” అని అడిగెను. ఇన్నేండ్లుగా ఉపన్యాసములు చెప్పుచున్నాను. ఆ ప్రశ్నకు సమాధానము నాకు నేటికిని దొరకలేదు.

సముద్రతీరమున విభీషణుడు శరణు వేడినప్పుడు శ్రీరామచంద్రుడు, ఒక్కసారి నీవాడనన్నవానికి సర్వభూతములనుండి అభయమిత్తునని, ఇది తన వ్రతమని పలికెను. ఆ మాటపై మన సంప్రదాయమంతయు నిలిచియున్నది. కాని నాలుగేండ్ల బిడ్డకు శ్రీరాముని మాట ఇంకను తెలియదు. వానికి తెలిసినది నాన్న మాట, అమ్మ మాట. “వస్తాను” అన్నవారు వచ్చెదరా లేదా అన్నదే వాడు మొదట నేర్చుకొను పాఠము. ఆ పాఠమును నేను తప్పుగా నేర్పితిని.

కనుక సన్నాహములో మొదటి పని సత్యము. బడికి చేర్చుటకు రెండు మాసముల ముందునుండియే బిడ్డను అమ్మమ్మయొద్దనో, పొరుగింటి పెద్దమ్మయొద్దనో కొంతసేపు విడిచి, చెప్పి వెళ్ళి, చెప్పిన వేళకు రావలెను. పిల్లలకు గడియారము తెలియదు. “పది గంటలకు వస్తాను” అన్న మాట వారికి గాలిమాట. “నీవు అన్నము తిని, చేయి కడుగుకొనునప్పటికి వత్తును” అన్నచో అర్థమగును. మొదట అరగంట, పిదప గంట, ఆ పిదప ఒక పూట. చెప్పక జారుకొనుట ఎన్నడును వలదు. చెప్పి వెళ్ళినచో ఏడ్చును, ఏడ్వనిండు. ఆ ఏడుపు కొంతసేపటిది. చెప్పక పోయినచో కలుగు అనుమానము ఎంతకాలముండునో నేను చూచితిని.

మన పూర్వాచార్యులు శరణాగతిని చెప్పుచు మర్కటకిశోరమును, మార్జారకిశోరమును దృష్టాంతములుగా చూపిరి. కోతిపిల్ల తల్లిని తానే కరచుకొనును. పిల్లి తన పిల్లను తానే నోట కరచి మోయును. ఆ రెండింటిలో ఏది సిద్ధాంతమను వాదములోనికి ఈ వ్యాసమున దిగను. అది పెద్దలకు విడుతును. బడి వాకిలిలో బిడ్డ కోతిపిల్లయే. మెడచుట్టు బిగిసిన ఆ చేతులను విదలించి ఊడబెరుకరాదు. పిల్లి మాత్రమేమి చేయునో గమనించితిరా? పిల్లను ఒకచోటనుండి మరియొకచోటికి మార్చవలసినప్పుడు, తాను ముందుగా పోయి ఆ చోటు చూచివచ్చును. మనమును అట్లే వేసవి సెలవులకు ముందే బిడ్డను వెంటబెట్టుకొని బడి చూచిరావలెను. తరగతి గది ఎచ్చట, మంచినీళ్ళెచ్చట, మరుగుదొడ్డి ఎచ్చట, నీడనిచ్చు చెట్టెచ్చట, తల్లి వచ్చి నిలుచుండు చోటెచ్చట, ఇవి చూపవలెను. పంతులమ్మగారికి నమస్కరింపజేసి, రెండు మాటలు మాట్లాడింపవలెను. బూచియని ఎరిగిన ముఖము మనుష్యముఖమని అప్పుడు తెలియును.

ఇక ఇంటిలో చేయదగినవి చిన్నపనులే. తన అన్నము తాను కలుపుకొని తినుట, బొత్తాము పెట్టుకొనుట, కుడిచెప్పు ఎడమచెప్పు తెలియుట, “దాహం వేస్తోంది” అని, “ఒకటికి వెళ్ళాలి” అని నోరు తెరచి అడుగుట. ఈ కడపటి మాట అడుగలేక బట్టలు తడుపుకొని, తోటివారు నవ్వగా మరునాడు బడికి రాననిన పిల్లలెందరో! అక్షరములు రాని బిడ్డ బడిలో అక్షరములు నేర్చుకొనును. అడుగుట రాని బిడ్డ అవస్థ పడును. వైశాఖపు ఎండలలో మధ్యాహ్నమంతయు నిద్రించి రాత్రి ప్రొద్దుపోవువరకు మేలుకొను అలవాటును, బడి తెరచుటకు రెండు మూడు వారముల ముందునుండియే మాన్పవలెను. తిరుప్పావై సేవకు ధనుర్మాసమున తెల్లవారుజామున లేచు ఇండ్లవారికి ఈ పని క్రొత్త కాదు గదా!

పేరు సంగతి యొకటి కలదు. బారసాలనాడు భగవన్నామమును ఎంచి యెంచి పెట్టుదుము. మరునాటినుండి బుజ్జి, చిట్టి, కన్నా అని పిలుతుము. బడిలో పంతులమ్మగారు పట్టికలోని పేరు పిలిచిన, బిడ్డ పలుకదు. ఆ పేరు తనదని బిడ్డకు తెలియనే తెలియదు! అజామిళుడు తన కడగొట్టు కుమారునకు నారాయణుడని పేరు పెట్టి, ఆ పేరుతోనే పిలిచెను గనుక గట్టెక్కినాడు. బుజ్జీ అని పిలిచియున్న ఏమయ్యెడివాడో! నవ్వుటకు చెప్పినను, బడికి పంపుటకు ముందు కొన్ని మాసములైనను బిడ్డను అసలు పేరుతో పిలువుడు. తన పేరు, తల్లిదండ్రుల పేర్లు, ఊరిపేరు చెప్పుట నేర్పుడు.

అక్షరములను గూర్చి తొందరపడువారు మనలో ఎక్కువ. బడికి వెళ్ళుటకు ముందే యాబదియారు అక్షరములు, నూరు అంకెలు రావలెనని బిడ్డ వ్రేళ్ళు నొప్పించుట నాకు సమ్మతము కాదు. ఆ వ్రేళ్ళకు ముందు వేరు పనులున్నవి. తులసికి నీరు పోయుట, పూలు గుచ్చుట, చింతగింజలు లెక్కించుట, ముగ్గుచుక్కలు కలుపుట, ఇవన్నియు బలపము పట్టుటకు సాధనములే. చేతిపనిని చదువుతో ముడివేయవలెనను తలంపుతోనే గదా 1910లో కోపల్లె హనుమంతరావుగారు మచిలీపట్నమున ఆంధ్ర జాతీయ కళాశాలను నెలకొల్పినది! ఎడమచేతి వాటమున్న బిడ్డలను గూర్చియు ఒక మాట. అక్షరాభ్యాసమునాడు శాస్త్రార్థము కుడిచేతితో దిద్దింపుడు. పిదప బిడ్డ ఎడమచేత బలపము పట్టిన, ఆ చేతిపై కొట్టకుడు. ఆ చేతిని ఇచ్చినవాడును భగవంతుడే.

బడి ఏ భాషలోనైనను కానిండు, ఇంటిలో కథ తెలుగున చెప్పుడు. ఇది చెప్పుటకు ఈ ప్రాంతమువారికి గల అధికారము మరెవ్వరికిని లేదు. కళింగ దండయాత్రకు వెడలిన శ్రీకృష్ణదేవరాయలు కృష్ణాతీరమందలి శ్రీకాకుళమునకు వచ్చి, హరివాసరమున ఉపవసించి నిద్రింపగా, ఆంధ్రమహావిష్ణువు స్వప్నమున సాక్షాత్కరించి గోదాదేవి కథను తెలుగున రచింపుమని ఆనతిచ్చెను. సంస్కృతమున కావ్యములు రచించిన రాజునకు ఆ స్వామి కోరినది తెలుగు. అట్టి స్వామి మన ఘంటసాల మండలములోనే వెలసియుండగా, రాత్రి ప్రక్కలో పడుకొన్న బిడ్డకు గజేంద్రుని కథయో, ధ్రువుని కథయో మన మాటలలో చెప్పుటకు జంకనేల? కథ విని “తరువాత?” అని అడుగుట వచ్చిన బిడ్డకు చదువు సగము వచ్చినట్లే.

శ్రీపంచమి వెళ్ళిన పదిదినములకు మాఘపూర్ణిమ. ఆనాడు హంసలదీవిలో వేణుగోపాలస్వామిని సేవించి, కృష్ణవేణి సముద్రమున కలియు చోట స్నానము చేయుటకు జనులు బండ్లు కట్టుకొని పోయెడివారు. నేడు బస్సులలో పోవుచున్నారు. కాకిరూపమున వచ్చిన గంగ అచ్చట మునిగి హంసయై లేచినదని స్థలపురాణము. ఆ సాగరసంగమమును చూచినప్పుడెల్ల నాకు కాళిదాసు మాట యొకటి జ్ఞప్తికి వచ్చును. రఘుమహారాజు బాల్యమున, తన యీడు మంత్రికుమారులతో కూడి లిపి నేర్చి, నదీముఖమునుండి సముద్రమున ప్రవేశించినట్లు వాఙ్మయమున ప్రవేశించెనని ఆ మహాకవి వర్ణించెను. రాజకుమారుని గూడ ఒంటరిగా పంపలేదు, చూచితిరా! తోటి పిల్లలుండిరి. కనుక మీ వీధిలో అదే బడికి పోవు బిడ్డ యొకరున్నచో, ముందుగానే స్నేహము కలుపుడు. క్రొత్తచోట తెలిసిన చేయి ఒకటి దొరికిన, సముద్రము సగము చిన్నదగును.

సముద్రమనగానే ఆ తీరమువారి మనసులో మెదలు తేదీ వేరు. 1977 నవంబరు 19. ఉప్పెన వచ్చి సొర్లగొంది, నాలి, పాలకాయతిప్ప, హంసలదీవి మొదలైన గ్రామములను ముంచి, వేలాది ప్రాణములను హరించినది. చేయిపట్టుకొన్న బిడ్డ చేయిజారిపోగా బ్రతికిన తల్లులు ఆ పల్లెలలో ఉండిరి. ఆనాటి బిడ్డలు నేడు తాతలు, అమ్మమ్మలు. దక్షిణపు దిక్కున మబ్బు కనబడగానే “ఇవాళ పిల్లను బడికి పంపొద్దే” అనునట్టి అమ్మమ్మను చాదస్తమని తీసివేయకుడు. ఆమె భయము ఊహ కాదు. అయినను ఆ భయమును ఆమె కంటినుండి మనుమరాలి కంటికి దిగనీయకుండుట ఇంటివారి బాధ్యత. ఒకనాడు ఆ అమ్మమ్మనే బడికి తీసికొనిపోయి చూపుడు. గాలివాన సూచనలు వచ్చినచో బడికి సెలవు ఎట్లు తెలుపుదురో, పిల్లలను ఎవరి చేతికి అప్పగింతురో ఉపాధ్యాయులచేతనే చెప్పింపుడు. నారదుడు బిడ్డకంటె ముందు తల్లి భయము తీర్చెను గదా! దివిసీమలో కొన్ని ఇండ్లలో అమ్మమ్మ భయము తీరినగాని బిడ్డ బడి మొదలు కాదు.

శ్రీకృష్ణునకును బడిలో గాలివాన తప్పలేదు. సాందీపని గురుకులమున ఉండగా గురుపత్ని కట్టెలు తెమ్మనెను. కుచేలునితో కూడి అడవికి పోయిన వేళ అకాలవర్షము కురిసి, చీకట్లు క్రమ్మి, మెరకపల్లములు ఏకమయ్యెను. ఇద్దరు బాలురు ఒకరి చేయి ఒకరు పట్టుకొని రాత్రియంతయు తిరిగిరి. తెల్లవారుసరికి వారిని వెదకుచు వచ్చినవాడు ఎవరు? గురువే. ద్వారకాధీశుడైన పిమ్మట కుచేలుని చూచినప్పుడు స్వామి గుర్తుచేసికొన్నది ఆ రాత్రినే. అరువదినాలుగు విద్యలను అరువదినాలుగు దినములలో నేర్చినవానికి జ్ఞాపకమున్నది స్నేహితుని చేయి, వెదకివచ్చిన గురువు. ఉపాధ్యాయవృత్తిలోనున్న భాగవతులు ఈ పుటలు చదువుచున్నచో, మొదటిదినమున మూలకూర్చున్న బిడ్డను వెదకి పలుకరింతురుగాక.

సాయంకాలపు మాట చెప్పి విరమింతును. హిరణ్యకశిపుడు కొడుకు బడినుండి రాగానే తొడపై కూర్చుండబెట్టుకొని, ముద్దాడి, ఏమి నేర్చితివో చెప్పుమని అడిగెను. సమాధానము నచ్చకపోగా ఆ తొడపైనుండియే క్రిందికి త్రోసెను. ఆళ్వారులలో పెరియాళ్వారు యశోదయై పాడిన పాశురములలో మరియొక సాయంకాలమున్నది. గొడుగు లేక, చెప్పులు లేక నా బిడ్డను దూడల వెంట అడవికి పంపితినే, ఎంత పాపిని యని ఆ తల్లి ఒక దశకమంతయు వాపోవును. తరువాతి దశకమున బిడ్డ దూడలతో ఇంటికి మరలి వచ్చును, తల్లి మురిసిపోవును. అడవిలో ఏమి నేర్చితివని ఆమె అడుగదు. వచ్చినవానిని కన్నులార చూచుకొనును.

గడచిన జూన్ మాసమున నా కుమారుడు తన కూతురిని బడిలో చేర్చినాడు. నడుముకు బిగించిన ఆ చేతులను వాడు విడిపింపలేదు. మోకాళ్ళపై కూర్చుండి, “అన్నం తిన్నాక ఒక గంట కొడతారు, ఆటలయ్యాక ఇంకో గంట కొడతారు. ఆ రెండో గంటకి నేనూ తాతయ్యా ఈ వేపచెట్టు కింద ఉంటాం” అని చెప్పి, బిడ్డ తల ఊపువరకు అట్లే కూర్చుండెను. పిల్ల ఏడ్చుచునే లోనికి పోయినది. మధ్యాహ్నము మూడు గంటలు కాకమునుపే మేమిద్దరము పోయి ఆ చెట్టుక్రింద నిలుచుంటిమి. వాడు జేబులోనుండి బిళ్ళల పొట్లము తీసి, మాటాడక నా చేతిలో పెట్టెను. లోపల గంట కొట్టిరి.